పీటల మీద కూర్చోవడానికి మా ఆయన చేసిన కసరత్తు

ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు మా ఆయనకు రెండు కసరత్తులు చెప్పారు. ఒకటి నడక. రెండోది నలుగురిలో చెప్పుకునేది కాదు గానీ, ఈ వయసులో నాకింక సిగ్గేమిటి, చెప్పేస్తాను. ఒంటికి వెళ్ళినప్పుడు ధారను మధ్యలో ఆపాలి, కాసేపుంచి వదలాలి. ఏ కండరంతో ఆపామో తెలిసిపోతుంది కదా, ఇక ఆ కండరాన్ని కూర్చున్నా నిలుచున్నా, బస్సులో ఉన్నా ఆఫీసులో ఉన్నా, బిగబట్టి వదులుతూ ఉండాలి. "ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు" అన్నారు డాక్టరుగారు. బిగబట్టినప్పుడు మా ఆయన మొహం ఎలా ఉంటుందో పాపం డాక్టరుగారికి అప్పటికింకా తెలియదు.

మేం అప్పట్లో నాంపల్లిలో, స్టేషనుకు దగ్గర సందులో, ఒక ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. మాది కృష్ణాజిల్లా. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆఫీసు ఫైళ్ళతో పాటు మేమూ కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ పడ్డాం. డెబ్బైల నాటికి ఇంట్లో ఉన్నది మేమిద్దరం, మా అత్తగారు, పెళ్ళికెదిగిన మా అమ్మాయి. ముందు వాటాలో ఇల్లుగలాయన ఉండేవాడు. నల్గొండ వైపు పల్లెలో వ్యవసాయం మానేసి పట్నం వచ్చిన పెద్దమనిషి. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని గేటు పక్క అరుగు మీద కూర్చుంటే ఎండ మొహం మీదికి వచ్చేదాకా కదిలేవాడు కాదు.

మా ఆయనకు యాభై దాటాక బాత్రూములో గంటలకొద్దీ ఉండటం మొదలైంది. తలుపు బయట మేం ముగ్గురు ఆడవాళ్ళం వరస కట్టి నిలబడేవాళ్ళం. చివరికి దవాఖానకు తీసుకెళితే ప్రోస్టేట్ గ్రంథి వాచిందన్నారు, కోసి తీశారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే కేన్సర్ అని తేలింది. ఆ రోజుల్లో ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్ళు కూడా కాదు. తొందరగా బయటపడింది, మాత్రలతో అదుపులో పెట్టొచ్చు, మనిషికేం ఫరవాలేదు అని డాక్టరుగారు చెప్పేదాకా నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో గుర్తు లేదు.

మనిషికి నిజంగానే ఏం కాలేదు. బతికారు. బతికారు గానీ కారుతున్నారు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, కుర్చీలోంచి లేచినా అంతే. నా పాత నేత చీరలన్నీ చింపి మడతలు పెట్టి ఆయనకు కట్టుకోవడానికి ఇచ్చాను. మంచి చీరలన్నీ నాకంటే ఆయనే ఎక్కువ కట్టుకున్నారని అనేదాన్ని. ఆయన నవ్వేవారు, మళ్ళీ మడత మార్చుకోవాల్సి వచ్చేది.

అత్తగారికి కేన్సర్ సంగతి చెప్పలేదు. రాయి తీశారని చెప్పాం. "ఏదీ, ఆ రాయి చూపించండి" అందావిడ. మా ఆయన వాకిట్లోంచి ఒక గులకరాయి తెచ్చి, కడిగి, చూపించారు. ఆవిడ దాన్ని ఆవాల డబ్బాలో దాచి, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ తీసి చూపించి, "ఇంత రాయి ఎలా పట్టిందో నా తండ్రికి" అని కళ్ళొత్తుకునేది. చూసినవాళ్ళు కూడా అనుమానపడలేదు. పైగా ఒకావిడ వాళ్ళాయనకు ఇంతకంటే పెద్దది పడిందని గొప్పలు కోసింది.

ఇక ఆ మాత్రల సంగతి. అవి ఆడవాళ్ళ హార్మోను మాత్రలట. వేసుకున్నప్పటి నుంచి ఆయనకు ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిర్లు, చెమటలు, చిరాకు. సరిగ్గా అప్పుడే నాకూ ఆ వయసు వచ్చి ఆవిర్లు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్నది ఒకటే ఫ్యాను. ఇద్దరం దాని కింద చోటు కోసం కుర్చీలు జరుపుకుంటూ పోట్లాడుకునేవాళ్ళం. మార్గశిర మాసంలో మొగుడూ పెళ్ళాం పోటీపడి విసనకర్రలతో విసురుకుంటుంటే అత్తగారు దుప్పటి కప్పుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. పైగా ఆయనకు ఛాతీ కాస్త ఎత్తు పెరిగింది. బనీను మీద చొక్కా, చొక్కా మీద కండువా వేసుకుని తిరిగేవారు. నేను ఏమైనా అందామని నోరు తెరిస్తే "నువ్వేం అనకు" అనేవారు ముందే.

ఇవన్నీ నవ్వుకుని సరిపెట్టుకున్నాం. కానీ ఆయన బయటికి వెళ్ళడం మానేశారు. అంతకుముందు ప్రతి ఆదివారం ఇద్దరం అబిడ్స్‌కు నడిచి వెళ్ళేవాళ్ళం. ఆయన పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చుంటే లేవడానికి నేను చెయ్యి పట్టి లాగాల్సి వచ్చేది. అలాంటి మనిషి ఆఫీసుకు రిక్షాలో వెళ్ళి, రిక్షాలో వచ్చి, కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చునేవారు.

అప్పుడే అమ్మాయికి సంబంధం కుదిరింది. వైశాఖంలో ముహూర్తం. అందరం సంతోషంగా ఉన్నాం అనుకుంటుండగా ఆయన అన్నారు, "అన్నయ్యా వదినా పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తారు. నావల్ల కాదు."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కన్యాదానానికి పీటల మీద కూర్చున్నాక తంతు పూర్తయ్యేదాకా లేవకూడదు. ఎదురుగా పెళ్ళికొడుకు, చుట్టూ బంధువులు, పట్టుపంచె. అంతసేపు ఆగలేనని ఆయన భయం. సరే, ఆయన భయం ఆయనది. కానీ ఆయన కూర్చోకపోతే నాకూ పీట లేదు. పెళ్ళికొడుకు కాళ్ళు తండ్రి కడుగుతుంటే చెంబుతో నీళ్ళు పోసేది తల్లి. నేను కని, పాలిచ్చి, జడలు వేసి, చదివించిన పిల్లను మా తోడికోడలు ధారపోస్తుందా? పిల్ల పుట్టిన పదో ఏటికి గాని దాన్ని చూడ్డానికి ఆవిడ మా గడప తొక్కలేదు!

నేను ఒంటికాలి మీద లేచాను. "మీరు పీటల మీద కూర్చుంటారు. నేను పక్కన కూర్చుంటాను. పెళ్ళికి ఇంకా చలికాలమంతా ఉంది. డాక్టరుగారు చెప్పిన కసరత్తులు రెండూ రేపటి నుంచి మొదలు" అన్నాను. ఆయన గోడవైపు తిరగబోయారు. కుర్చీని ఇటు తిప్పాను.

మర్నాటి నుంచి నడక మొదలైంది. పొద్దున్నే బయల్దేరేవారు. బయటికి వెళ్ళే ముందు గంటసేపు నీళ్ళు తాగొద్దన్నారు డాక్టరుగారు. నేను కాఫీ కూడా వచ్చాకే ఇచ్చేదాన్ని. అయినా రోజూ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా వెళ్ళేసరికి అయిపోయేది ఆయన పని. తడిసిన పంచెతో రిక్షాలో తిరిగొచ్చేవారు. "నడిస్తే ఎక్కువవుతోందే" అనేవారు. వారాలు గడుస్తున్నాయి, ఏ మార్పూ లేదు. పట్టుపంచె కొనుక్కోమని బావగారికి ఉత్తరం రాయమని కూడా అన్నారు ఒకరోజు. ఆ రోజు నేను అన్నం వడ్డించకుండా లేచి వెళ్ళిపోయాను.

ఇక లాభం లేదని ఒక పొద్దున నేనూ వెంట బయల్దేరాను. మామూలుగా ఆ వేళకి నేను కుళాయి దగ్గర బిందెలతో ఉంటాను, అందుకే అంతవరకూ అక్కడ ఏం జరుగుతోందో చూడలేదు. గేటు దాటబోతుంటే అరుగు మీంచి ఇల్లుగలాయన వేపపుల్ల తీసి ప్రేమగా అడిగాడు, "ఏడికి వోతున్నరు సార్, పొద్దుపొద్దుగాల?"

లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అబ్బాయీ! ఎక్కడికని అడిగాడు! వెనక్కి రా!"

మా వైపు బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే అపశకునం. వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మా ఆయన బుద్ధిగా వెనక్కి వచ్చారు, కూర్చున్నారు. అత్తగారు పెద్ద ఇత్తడి గ్లాసు నిండా నీళ్ళిచ్చింది. గుటగుటా తాగారు. మళ్ళీ బయల్దేరాం. సందు మలుపులో ఇస్త్రీ చేసేవాడు "సార్, ఏడికి?" అన్నాడు. అత్తగారికి చెవులు పామువి. ఇంకో గ్లాసు. మూడోసారి గేటు దాటుతుంటే పాలవాడు అడిగాడు. అప్పటికి ఆయన పొట్టలో నీళ్ళు కదులుతున్న చప్పుడు నాకు వినిపించింది. ఒట్టు.

"ఇన్నాళ్ళూ రోజూ ఇలాగే తాగుతున్నారా?" అన్నాను.

"అమ్మ ఇస్తోంది కదే" అన్నారు ఆయన. ఆఫీసులో వంద ఫైళ్ళు చూసే మనిషి!

నేను అత్తగారి మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. "మీ అబ్బాయికి నీళ్ళ రోగం అత్తయ్యా! మీరు పొద్దున్నే కృష్ణానదిని గ్లాసులో పోసిస్తున్నారు!" ఆవిడ చెక్కుచెదరలేదు. "శకునం చూడకుండా పంపించి ఆపరేషన్ దాకా తెచ్చుకున్నాం. ఇంకా బుద్ధి రాలేదా?" అంది.

సరే, అడిగేవాళ్ళనే మాన్పిద్దామని ఇల్లుగలాయన దగ్గరికి వెళ్ళాను. మా ఆయన్ను ఎక్కడికని అడగొద్దని మర్యాదగా చెప్పాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు. "గదేందమ్మా? ఎదురుంగ మనిషి వోతుంటె అడగకుండ గోడ లెక్క గూసుంటనా? మా ఊళ్ళె గట్ల అడగకుంటె పగోడు అంటరు. సార్ మీద నాకేం పగ?" అన్నాడు. ఆయన దృష్టిలో అది పలకరింపు. మా అత్తగారి దృష్టిలో అది శాపం. మధ్యలో మా ఆయన మూత్రాశయం.

మళ్ళీ అత్తగారి దగ్గరికే వచ్చి బేరం పెట్టాను. గ్లాసు వద్దు, సగం గ్లాసు ఇవ్వండి అన్నాను. కుదరదంది. చిన్న గ్లాసు అన్నాను. కుదరదంది. బెల్లం ముక్క ఇవ్వండి అన్నాను. "బెల్లం నీళ్ళవుతుందా?" అంది. చివరికి నాకు దేవుడి గూట్లో ఉద్ధరిణి కనిపించింది. "తీర్థంలాగా ఒక్క ఉద్ధరిణి ఇవ్వండి. దేవుడి దగ్గరి నీళ్ళకంటే గొప్ప శకునమేముంటుంది?" అన్నాను. ఆవిడ ఉద్ధరిణిని అటూ ఇటూ తిప్పి చూసి, తులసిదళం వేస్తే సరిపోవచ్చంది.

ఆ రోజు నుంచి ఎంతమంది ఎక్కడికని అడిగినా ఆయన కడుపులోకి వెళ్ళేది చెంచాడు నీళ్ళు. అయితే గేటు దగ్గర రోజూ తీర్థం ఇస్తున్నారని తెలిసి ఇల్లుగలాయన కూడా చెయ్యి చాపడం మొదలుపెట్టాడు. అడగడం, తీర్థం పుచ్చుకోవడం, కళ్ళకద్దుకోవడం. ఇస్త్రీవాడూ వచ్చేవాడు. "ఏడికి సార్?" అని అడిగి మరీ చెయ్యి పట్టేవాడు.

నడక గాడిన పడింది. ఇల్లుగలాయన కూడా తోడు వెళ్ళడం మొదలుపెట్టాడు. పబ్లిక్ గార్డెన్స్ గేటు దాకా, తర్వాత బషీర్‌బాగ్ దాకా, అక్కణ్ణుంచి చుట్టు తిరిగి అబిడ్స్ మీదుగా ఇంటికి. రిక్షా ఎక్కడం తగ్గింది. కుర్చీ గోడవైపు తిరగడం మానేసింది. నా చీర మడతలు కూడా తక్కువ పడుతున్నాయి.

ఇక రెండో కసరత్తు. నడకలో సమస్య నీళ్ళయితే, ఇందులో సమస్య మొహం. ఆయన కింద బిగబడితే పైన మొహం కూడా బిగుసుకునేది. కనుబొమలు కలిసిపోయేవి, పెదాలు లోపలికి పోయేవి, కళ్ళు మూతపడేవి, గడ్డం వణికేది. ఒక ఆదివారం అబిడ్స్‌లో చెప్పుల షాపు అద్దం ముందు ఆగి బిగబట్టారు. అది చూసి లోపల్నుంచి షాపతను స్టూలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "క్యా హువా సాబ్? పానీ లావూఁ?" అంటూనే నీళ్ళ గ్లాసు తెచ్చి నోటి దగ్గర పెట్టాడు. చుట్టూ జనం. ఒకాయన అరికాళ్ళు రుద్దుతున్నాడు. ఎవరో సోడా కొట్టించుకొచ్చారు. ఊరు ఊరంతా మా ఆయనకు నీళ్ళు పట్టడానికే పుట్టిందేమో అనిపించింది. నేను గ్లాసు పక్కకు తోసి, ఆ సోడా లాక్కుని నేనే తాగేశాను, ఎందుకంటే సరిగ్గా అప్పుడు నాకు ఆవిరి వచ్చింది.

ఇంటికొచ్చాక అద్దం ముందు కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చాను. బిగబట్టగానే నేను "మొహం!" అని అరిచేదాన్ని. మొహం వదిలితే కిందా వదిలేసేది. రెండూ ఒకే తీగకు కట్టినట్టుండేవి. కొన్నాళ్ళకు నేనే ఓడిపోయాను. మొహం ఎలా ఉంటే ఉంది, కింద ఆగితే చాలనుకున్నాను.

పరీక్షగా మాట్నీకి తీసుకెళ్ళాను, అబిడ్స్‌లోనే. మొదటిసారి పాట వచ్చేదాకా కూర్చున్నారు. తర్వాత ఇంటర్వెల్ దాకా. మాఘం దాటేసరికి శుభం కార్డు పడేదాకా కూర్చుని, జాతీయగీతానికి నిలబడి కూడా ఆపుకున్నారు. నాకు సినిమా కథలు ఒక్కటీ తెలియవు, ఆయన మొహమే చూశాను.

ఇంక ఒక్కటే మిగిలింది. నీళ్ళ చప్పుడు. కుళాయి విప్పిన శబ్దం వింటే చాలు ఆయనకు ఆగేది కాదు. కన్యాదానంలోనేమో మీటరు దూరంలో నేను చెంబుతో ధార పోస్తాను. అందుకని ఇంట్లో రిహార్సల్ పెట్టాం. పళ్ళెంలో కాళ్ళు పెట్టడానికి పెళ్ళికొడుకు కావాలి కదా, ఇల్లుగలాయన్నే కుర్చీలో కూర్చోబెట్టాం. "మీ ఆంధ్రోళ్ళు పెండ్లికి గిట్ల ప్రాక్టీస్ గూడ జేస్తరా?" అని ఆశ్చర్యపోతూనే ధోతి పైకి మడిచి, బుద్ధిగా కాళ్ళు పళ్ళెంలో పెట్టాడు. నేను నీళ్ళు పోశాను. మా ఆయన ఒక పాదం కడిగి, రెండో పాదం అందుకోబోయి, అలాగే బాత్రూములోకి పరుగెత్తారు. ఇల్లుగలాయన ఒక కాలు తడిగా, ఒక కాలు పొడిగా కూర్చుని, "గిది గూడ తంతులనే ఉంటదా అమ్మా?" అని అడిగాడు. తర్వాత రోజూ సాయంత్రం వచ్చి కాళ్ళు కడిగించుకుని వెళ్ళేవాడు. వైశాఖం వచ్చేసరికి ఆయన పాదాలంత శుభ్రమైన పాదాలు నాంపల్లిలో ఇంకెవరికీ లేవు.

పెళ్ళి రోజు రానే వచ్చింది. బషీర్‌బాగ్‌లో ఒక హాలు తీసుకున్నాం. మా బావగారు పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని, "ఎందుకైనా మంచిది" అని క్రికెట్‌లో పన్నెండో ఆటగాడిలాగా మంటపం పక్కనే నిలబడ్డారు. తోడికోడలు కూడా పట్టుచీరలో తయారు. నేను ఆవిడ వైపు చూడనే లేదు. ఆయన పీట మీద కూర్చున్నారు, పక్కన నేను చెంబు పట్టుకుని కూర్చున్నాను. ఆయన లేస్తే నేనూ లేవాలి.

నీళ్ళు పోశాను. ఆయన బిగబట్టారు. మొహం వచ్చేసింది.

కనుబొమలు కలిసిపోయాయి, పెదాలు లోపలికి, కళ్ళు మూత, గడ్డం వణుకు. ముందు వరసలో మా పిన్నిగారు "అయ్యో, ఒక్కగానొక్క పిల్ల, తండ్రి మనసు చూడండి" అని ఏడుపు అందుకుంది. ఆవిడను చూసి పక్కావిడ. నిమిషంలో ఆడవాళ్ళందరూ కొంగులతో కళ్ళొత్తుకోసాగారు. ఇల్లుగలాయన "ఏడ్వకున్రి సార్, పిల్ల మంచిగుంటది" అని వెనక నుంచి అరుస్తూ తనే ఏడుస్తున్నాడు. వియ్యంకుడుగారు వచ్చి ఆయన భుజాలు పట్టుకుని ఊపుతూ, "మీ అమ్మాయిని నా కూతురిలా చూసుకుంటాను బావగారూ" అన్నారు. అలా ఊపొద్దని నేను కళ్ళతో బతిమాలాను.

అన్నిటికంటే ఘోరం పంతులుగారు. ఆయన కూడా కరిగిపోయారు. "ఇటువంటి కన్యాదాత దొరకడం అరుదు. ముహూర్తానికి వేళ ఉంది. ప్రవర నిదానంగా, స్పష్టంగా చదువుకుందాం" అని ఇరువైపులా తాతముత్తాతలందరినీ ఒక్కొక్కరినే రాగం తీసి పిలవడం మొదలుపెట్టారు. పైగా ఆ ప్రవర మూడుసార్లు చదవాలి. రెండోసారికి మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బావగారు కండువా సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశారు.

"పంతులుగారూ, మా తాతలు మాకు తెలుసు. కానివ్వండి!" అన్నాను. ఆడది అలా అరవడం ఆ హాలు ఎప్పుడూ విని ఉండదు. పంతులుగారు ఉలిక్కిపడి మూడో ప్రవర ఒక్క గుక్కలో చదివేశారు. పిల్ల చెయ్యి పట్టుకుని, పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, ఇద్దరం ధార పోశాం. అయిపోయింది. ఆయన లేవలేదు, నేను లేవలేదు. మా అమ్మాయిని మేమే ఇచ్చాం.

"ఇక తమరు లేవవచ్చు" అన్నారు పంతులుగారు, కాస్త బెదురుగా.

నేను ఆయన చెవి దగ్గరికి వంగి, "వెళ్ళిరండి. కుడివైపు తలుపు. దారిలో ఎవరూ లేరు" అన్నాను. ఆయన కదల్లేదు. భయపడి మొహంలోకి చూశాను. కనుబొమలు మామూలుగా ఉన్నాయి, పెదాలు మామూలుగా ఉన్నాయి. బిగబట్టడం లేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి, వాటిని తుడుచుకోవడం కూడా లేదు. ఎదురుగా తెల్లటి తెర పట్టుకుని నిలబడ్డారు కుర్రాళ్ళు. తెరకు అటు పెళ్ళికొడుకు, ఇటు మా పక్కన బుట్టలో తల వంచుకుని మా అమ్మాయి. జీలకర్ర బెల్లం వేళ దాకా ఆ తెర దించరు.

"ఇప్పుడు రావట్లేదే" అన్నారు ఆయన చిన్నగా. "తెర తీసేదాకా పిల్ల మనవైపే కదా. కూర్చోనీ."

నేను చెంబు పక్కన పెట్టి ఆయన పక్కనే కూర్చుండిపోయాను.